బొట్టు పెట్టిన హాజరు మిషను

నర్సీపట్నం,
ఏప్రిల్ రెండోవారం.

అప్పా,

నువ్వు చెప్పినట్టే ఉత్తరం రాస్తున్నాను. నా వాయిస్ మెసేజీలు ఇక వినననీ, ఏం చెప్పాలన్నా కాగితం మీద పెట్టమనీ, రాస్తే సగం కోపం చేతినొప్పిలో పోతుందనీ అన్నావు. చెయ్యి నొప్పెడుతోంది. కోపం ఎక్కడికీ పోలేదు.

సంగతేమిటంటే, ఋజుమార్గ ఫౌండేషన్ వాళ్లు నా గోడపత్రిక 'చురక'ని ఏడాదిపాటు పోషించడానికి ఎంపిక చేశారు. ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుగా ఎల్లాజీ టీ బడ్డీ గోడకి ప్రతి శుక్రవారం నేనంటించే చార్టు కాగితం ఇప్పుడు 'స్వతంత్ర మాధ్యమం' అట. నిన్నటిదాకా దాన్ని మేకలు నమిలేవి. వాటికి ముందే తెలిసినట్టుంది అందులో సారం ఉందని.

ఫౌండేషన్ మూడింటిని పెంచుతుందట: స్వతంత్ర మీడియా, న్యాయం, బాధ్యతగల వ్యాపారం. పులినీ మేకనీ ఒకే పాకలో కట్టి మధ్యలో లాయరుని కూర్చోబెడతారా అని శిక్షణ శిబిరంలో లేచి అడిగాను. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రోగ్రాం ఆఫీసరు పృథ్వీరాజ్ గారు "గుడ్ క్వశ్చన్" అని ఒక పసుపు చీటీ మీద రాసి గోడకి అంటించారు. జవాబు ఆ చీటీ వెనకే ఉండిపోయింది. శిబిరం మీ విశాఖలోనే, సముద్రం కనిపించే హోటల్లో. పేదరికం గురించి మాట్లాడినంతసేపూ ఏసీ ఆపలేదు. నాకు జలుబు చేసింది. వెళ్లేముందు ఏటికొప్పాక లక్క కలం ఒకటి జ్ఞాపికగా ఇచ్చారు. చాలా అందంగా ఉంది. రాయదు.

ఒక షరతు. గోడకెక్కే ప్రతి అక్షరాన్నీ ముందు ఫౌండేషన్ లాయరు చూడాలి. ఆ లాయరు పేరు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అడ్వకేట్ ఝాన్సీలక్ష్మి! అంటే నువ్వే! మా పెద్దమ్మ కూతురు, నా అప్ప, నా స్వాతంత్ర్యానికి కాపలా! చిన్నప్పుడు నా ఎక్కాలు దిద్దినట్టు ఎర్రసిరా పట్టుకుని కూర్చున్నావు కాబోలు.

మొదటి సంచిక జతచేశాను. సినిమాహాలు పార్కింగు కాంట్రాక్టరు మీద. ఒక్క ముక్క ముట్టుకున్నా ఊరుకోను.

వీరేంద్ర

తా.క.: అమ్మ పక్కనే ఉంది. "ఆ గుంట అన్నం యేలకి తింటందో నేదో అడుగు" అంటోంది. అడిగాను.


పెదవాల్తేరు, విశాఖపట్నం,
ఏప్రిల్ ఆఖరు.

తమ్ముడూ,

ముట్టుకున్నాను. రక్తపిపాసి, నరరూప రాక్షసుడు, సామ్రాజ్యవాదుల తొత్తు, ఈ మూడూ కొట్టేశాను. ఆయన సైకిళ్లకి చీటీలిచ్చే మనిషి. సామ్రాజ్యానికి ఆయన సంగతి తెలిసి ఉండదు. చీటీ మీద ఉన్నదానికన్నా ఎక్కువ పుచ్చుకుంటున్నాడని రాయి, చీటీ అంటించు, ఎవరి దగ్గర పుచ్చుకున్నాడో వాళ్లనడిగి పేరు రాయి. చాలు. రుజువు దొరకని చోటే మనం విశేషణం వాడతాం. కోర్టుకెళ్లి నేను నేర్చుకున్నది ఇంతే.

ఈ మందపాటి కాగితం, పైన ఫౌండేషన్ వాళ్ల మూడు దీపాల ముద్ర చూసి అప్ప గొప్పదైపోయిందనుకోకు. ఉత్తరాలన్నీ దీని మీదే రాయాలట. దీపాలకి పోగా నాకు మిగిలిన చోటు ఇంతే.

ఇంకో మాట. బాధ్యతగల వ్యాపారం కింద ఈ ఏడాది ఎంచుకున్నవాటిలో తుని రోడ్డు మన్మథరావు గారి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. అవును, చిన్నమ్మ జీడిపిక్కలు కొట్టేదే. నువ్వు ఆవేశపడి అక్కడ నిప్పు పెట్టకు. చిన్నమ్మకి ఆ పని తప్ప వేరే ఆధారం లేదు. నీ 'చురక' అన్నం పెట్టదు.

వేళకే తింటున్నానని చెప్పు. అబద్ధమే, అయినా చెప్పు.

అప్ప


నర్సీపట్నం,
జూలై.

అప్పా,

నిప్పు పెట్టలేదు. కానీ ఈ సంగతి నీకు చెప్పకపోతే నా పొట్ట పగులుతుంది.

బాధ్యతగల వ్యాపారానికి మొదటి మెట్టు పారదర్శకత అట. అందుకని ఫౌండేషన్ వాళ్లు మన్మథరావు గారి ఫ్యాక్టరీలో వేలిముద్ర హాజరు మిషను పెట్టించారు. రిబ్బను కత్తిరించారు. వెనక పాత హాజరు పుస్తకం అటకెక్కింది. ఆడవాళ్లందరినీ వరసలో నిలబెట్టి వేలు పెట్టమన్నారు. మా అమ్మ పెట్టింది. "ప్లీజ్ ట్రై ఎగైన్" అంది మిషను. ఇంకో వేలు పెట్టింది. "ప్లీజ్ ట్రై ఎగైన్." పది వేళ్లూ అయిపోయాయి. ఒక్క అమ్మకే కాదు, అందరికీ అంతే.

జీడిపిక్క కొడితే కారే నూనె చర్మాన్ని కాల్చేస్తుందని హైదరాబాద్‌లో ఎవరికీ తెలియదా? ఆముదం రాసుకుంటారు, బూడిద పూసుకుంటారు, అయినా కాలుతుంది. ఏళ్ల తరబడి కాలిన వేలి మీద గీతలెక్కడుంటాయి? గీతలు చెరిపింది ఫ్యాక్టరీ. గీతలు లేవు కనక నువ్వు రాలేదన్నదీ ఫ్యాక్టరీయే. చెప్పు, ఇక్కడైనా ఒక విశేషణం వాడనిస్తావా?

సూపర్‌వైజరు మత్స్యరాజు తల పట్టుకున్నాడట. అప్పుడు జోగులమ్మ అత్త, అందరికన్నా పెద్దావిడ, అందట:

"సెయ్యి నాది కాదంతంది కదా మీ మిషను. కాలు నాదో కాదో అడుగు."

వేళాకోళానికే అంది. మత్స్యరాజు మాత్రం నిజంగానే మిషనుని గోడ మీంచి ఊడదీసి కింద పీట మీద పెట్టాడు. ఆవిడ కాలి బొటనవేలు ఆనించింది. "థాంక్యూ" అంది మిషను! ఆ ఫ్యాక్టరీలో ఇన్నేళ్లలో ఆవిడకి థాంక్స్ చెప్పింది అదొక్కటే అప్పా.

ఇప్పుడు అందరివీ కాళ్లే. పొద్దున్నే వరసగా వచ్చి చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, ఒంటికాలి మీద నిలబడి, బొటనవేలు నొక్కి లోపలికి పోతున్నారు. అక్కడ హైదరాబాద్‌లో కంప్యూటర్లో పారదర్శకత పొంగిపొర్లుతోంది.

బొమ్మ వేసి పెద్ద అక్షరాలతో పెడదామనుకున్నాను. అమ్మ చీపురు తీసింది. "నా కాలట్టుకెల్లి గోడకెక్కిస్తావేటి? నలుగురూ టీ తాగతా నా పాదాలు సూత్తారా? నోరు మూసుకోని కూకో."

కూర్చున్నాను.

వీరేంద్ర


విశాఖపట్నం,
ఆగస్టు.

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పడం పొరపాటైంది. నవ్వు ఆపుకోలేక బయటికి పోయాను. తిరిగొచ్చేసరికి పృథ్వీరాజ్ గారు తెర మీద మన్మథరావు ఫ్యాక్టరీ గ్రాఫు వేసి చూపిస్తున్నారు. గీత నిటారుగా పైకి పోతోంది. "వేలిముద్రతో సాధికారత" అని శీర్షిక. నేను చెయ్యెత్తి, "అవి కాలిముద్రలండీ" అన్నాను. ఆయన క్షణం ఆలోచించి, "ఇన్‌క్లూజివ్" అన్నారు.

నవ్వులు సరే. ఒకటి గుర్తుపెట్టుకో. పాత పుస్తకం అటకెక్కింది కనక చిన్నమ్మ పనికి వచ్చిందని చెప్పే సాక్షి ఇప్పుడు ఆ మిషనొక్కటే. అది 'లేదు' అంటే ఉద్యోగమూ లేదు, ప్రావిడెంటు ఫండూ లేదు. కాలో చెయ్యో, అది పలుకుతున్నంతవరకు కదపకండి. నువ్వు అసలే కదపకు.

మార్చిలో ఆ ఫ్యాక్టరీకి అవార్డు ఇస్తారట. చట్టప్రకారం అన్నీ సవ్యంగా ఉన్నాయని సంతకం పెట్టాల్సింది నేనే. కాగితం బల్ల మీద ఉంది. ఫ్యాను గాలికి ఎగురుతుంటే మీద ఏటికొప్పాక బొమ్మ ఒకటి బరువు పెట్టాను.

అప్ప


నర్సీపట్నం,
దసరా వెళ్లిన వారం.

అప్పా,

మిషను పలకడం మానేసింది. నన్ను ముందే తిట్టకు, చివరిదాకా చదువు.

దసరాకి మన్మథరావు గారు ఆయుధపూజ చేయించారు. బాయిలరుకి, వ్యానుకి, తూకం కాటాకి బొట్లు పెట్టారు. మరి హాజరు మిషను నేల మీద పీటేసి ఉంది కదా. పూజారి గారు చూశారు. పీట మీద ఒంటరిగా, దీపం మినుకు మినుకుమంటూ కూర్చున్న వస్తువు అసలు పూజకోసమే పెట్టారనుకున్నారు పాపం! మిగతావాటికి బొట్టుతో సరిపెట్టి దీనికి మాత్రం పసుపు రాసి, ఉపమాక వెంకన్న కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి హారతిచ్చారు. ఆడవాళ్లందరూ కళ్లకద్దుకున్నారు.

మర్నాడు పనికి వచ్చి దాని ముందు నిలబడిపోయారు.

"ఓలమ్మో, నిన్న దండవెట్టుకున్నాం కదే దీనికి! ఇయాల కాలెలాగెడతాం?" అంది జోగులమ్మ అత్త.

"బొట్టు తుడిసేత్తాన్లే, బేగి కానీండి" అన్నాడు మత్స్యరాజు.

"తుడిసేత్తే ఎల్లిపోద్దేటి? అచ్చింతలు దులిపేసుకుంటే నీ పెళ్లి ఎల్లిపోద్దేటిరా?"

మత్స్యరాజు చేతిలో గుడ్డ పక్కన పడేశాడు. ఎవరూ కాలు పెట్టలేదు. చేతులు పెడితే మిషను ఎరగదు. పని మాత్రం చేస్తున్నారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. కంప్యూటర్లో మాత్రం ఫ్యాక్టరీ నిర్మానుష్యం. మన్మథరావు గారిని అడిగితే, "నేనేం చెయ్యనమ్మా, హైదరాబాద్ లెక్కలో మీరెవరూ రావడం లేదు. రానివాళ్ల పేర్లు అదే తీసేస్తుంది. డిసెంబరు నుంచి కాంట్రాక్టు మనుషుల్ని తెచ్చుకోవాలి" అన్నారట, ఎంతో బాధగా. పాతవాళ్లు పోతే ఆయనకి ఎంత కలిసొస్తుందో ఆ బాధలో కనపడలేదట.

ఇప్పుడు నా సంగతి. అమ్మ మరిచిపోయిన కేరేజీ ఇవ్వడానికి వెళ్లాను. వాళ్లంతా మిషను చుట్టూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నేను చదివిన కరపత్రాలన్నీ నాలో ఒక్కసారి లేచాయి. ఇది ప్లాస్టిక్కు, ఇది బ్యాటరీ, మూఢనమ్మకం దోపిడీకి తోబుట్టువు అని ఉపన్యాసం ఇచ్చాను. ఎవరూ కదల్లేదు. చెప్పు విడిచి, చూడండి ఏమవుతుందో అని నా కాలు దాని మీద పెట్టాను.

"ప్లీజ్ ట్రై ఎగైన్" అంది.

జోగులమ్మ అత్త చేటతో వీపు మీద వేసింది. అమ్మ కేరేజీ అందుకోలేదు. మన్మథరావు గారు పరుగున వచ్చి కర్పూరం వెలిగించి, లెంపలేసుకుని, "చూశారా, మీ తరఫున మాట్లాడేవాడు దేవుణ్ణి తన్నాడు" అన్నారు. అందరూ తలూపారు. అప్పా, వాళ్లు ఆయన వైపు తిరిగి తలూపారు.

అమ్మ నాతో మాట్లాడటం లేదు.

వీరేంద్ర


విశాఖపట్నం,
అక్టోబరు ఆఖరు.

వీరేంద్ర గారికి,

ఆ కాలు పెట్టమని నీ కరపత్రాల్లో ఏ పేజీలో రాసుంది? ఆ పేజీ నాకు పంపు, ఫ్రేము కట్టించుకుంటాను.

వాళ్లు నిన్ను దేవుడి నుంచి విడిపించమని అడిగారా? పనికి వచ్చినరోజు వచ్చినట్టు రాయమని అడిగారు. దేవుడున్నాడా లేడా అన్నది మన కేసు కాదురా. మీ అమ్మ దేవుడమ్మ పనికి వచ్చిందా రాలేదా అన్నది కేసు. మన్మథరావు చేతిలో అసలు సాకు లేదు. మిషను పెట్టింది ఆయన, పూజ చేయించింది ఆయన, పుస్తకం అటకెక్కించింది ఆయన. అంతా ఆయన మెడకే చుట్టుకునేలా ఉంటే నువ్వెళ్లి నీ పాదం ఇచ్చి వచ్చావు.

పుస్తకం కిందికి దించి సంతకాలు పెట్టించుకోమని నోటీసు ఇవ్వచ్చు. దానికి ముందు, ఆ రోజుల్లో వాళ్లు నిజంగా పని చేశారన్న రుజువు కావాలి. మత్స్యరాజు నోరు విప్పడు. వ్యాను డ్రైవరు విప్పడు. ఇక మిగిలిందెవరు?

ఇంకో చిక్కు. ఫౌండేషన్ జీతం తీసుకునే లాయరు ఫౌండేషన్ మెచ్చుకున్న వ్యాపారికి నోటీసు ఇవ్వకూడదట. పృథ్వీరాజ్ గారిని అడిగాను. "మూడు దీపాలూ ఒకదాన్నొకటి ఆర్పుకోకూడదు కదండీ" అన్నారు. ఆలోచిస్తున్నాను.

నువ్వు మాత్రం ఆ కాలితోనే నడిచి వెళ్లి చిన్నమ్మకి క్షమాపణ చెప్పు. సిద్ధాంతం చెప్పకు. క్షమాపణ ఒక్కటే చెప్పు.

అప్ప


నర్సీపట్నం,
నవంబరు.

అప్పా,

చెప్పాను. "తప్పయిపోయిందమ్మా" అన్నాను. తర్వాత 'కానీ' అని ఒక మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అమ్మ అన్నం గిన్నె మూత తీసి, "కంచం దగ్గరికి రా" అంది.

జోగులమ్మ అత్త దగ్గరికీ వెళ్లాను. రుజువు కావాలంటోంది అప్ప, ఎక్కడ తేవాలో తెలియడం లేదని చెప్పాను. ఆవిడ సాయంత్రం బస్సు కోసం కాంప్లెక్స్ దగ్గరే నిలబడుంది, మిగతా వాళ్లూ ఉన్నారు. ఎల్లాజీ టీ ఇస్తూ, గ్లాసు అంటుకుంటోందని విసుక్కున్నాడు. "ఏటమ్మా ఇది, సేతులు కడుక్కోరేటి మీరు? గ్లాసులన్నీ నలుపే!"

"కడిగితే పోద్దేటి నాయనా ఇది? పిక్క కొట్టిన దినం రేతిరిదాకా ఇలగే అంటతాది."

నేను ఆ గ్లాసు వంక చూశాను. ఆవిడ నా వంక చూసింది. తర్వాత తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి, శుక్రవారం కోసం నేను అంటించి ఉంచిన ఖాళీ చార్టు మీద అరచెయ్యి నొక్కింది. నల్లగా, నిండుగా పడింది. గీత ఒక్కటీ లేదు.

"కింద నా పేరెట్టు. తేదీ ఎయ్యి. ఇయాల పన్లోకెల్లకపోతే నా సేతికి ఈ నలుపు ఎక్కణ్ణుంచొచ్చిందో మన్మథరావు బాబుని సెప్పమను."

ఆ రోజు నుంచి పని దిగిన ప్రతి సాయంత్రం వస్తున్నారు. గోడ మీద చేతులు నొక్కి, పేర్లు రాయించుకుని బస్సెక్కుతున్నారు. నేను రాసేది పేరూ తేదీ మాత్రమే. ఎల్లాజీ, టీ తాగేవాళ్లూ పక్కన సాక్షి సంతకాలు చేస్తున్నారు. అమ్మ కూడా నొక్కింది. "కాలైతే సిగ్గు గానీ సెయ్యికేటి సిగ్గు?" అంది.

చార్టులు పంపుతున్నాను. ఇదే ఈ నెల 'చురక'. కొట్టేయడానికి ఏమైనా దొరికితే కొట్టేయి.

వీరేంద్ర


విశాఖపట్నం,
డిసెంబరు.

తమ్ముడూ,

కొట్టేయడానికి ఒక్క ముక్క దొరకలేదు. ఎర్రపెన్ను మూత పెట్టేశాను.

నోటీసు వెళ్లింది. చార్టుల ఫొటోలు జతపరిచాను, నకలు లేబరు ఆఫీసుకి పంపాను. మన్మథరావు గారు ఫోను చేశారు. మొదట గదమాయించారు. "పూజ చేసిన వస్తువు మీద కాలు పెట్టమని మీ కార్మికులని బలవంతపెట్టారని కోర్టులో రాయనా, వద్దా?" అని మర్యాదగా అడిగాను. ఉపమాక వెంకన్న మీద ఒట్టేసి అలాంటిదేం లేదన్నారు. "మరి వాళ్లు ఎలా పెట్టాలండీ హాజరు?" అన్నాను. క్యాలెండరు తెమ్మని మత్స్యరాజుని కేకేశారు. సోమవారం పుస్తకం కిందికి దిగుతుంది. చార్టుల్లో ఉన్న రోజులన్నీ అందులో ఎక్కుతాయి. గోడ మొదలవకముందు రోజులకి ఆయన బేరమాడుతున్నారు. అవీ వదలను. కాంట్రాక్టు మనుషుల మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

రూళ్ల కాగితం మీద రాస్తున్నానని ఏమీ అనుకోకు. దీపాల కాగితాలు నిండుకున్నాయి.

చేతులకి తొడుగుల మాట తర్వాత నోటీసులో. ఒక్కొక్కటీ.

అప్ప


నర్సీపట్నం,
మార్చి ఆఖరు.

అప్పా,

నిన్న విశాఖలో ఫౌండేషన్ వార్షికోత్సవం జరిగింది. నువ్వు వస్తావని అమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూసింది. చివరికి పృథ్వీరాజ్ గారినే అడిగాను. "మీ సిస్టర్ నవంబర్లోనే రిజైన్ చేశారు కదా! మీకు తెలీదా?" అన్నారు. దీపాల కాగితాలు నిండుకున్నాయా? అబద్ధం చెప్పడం నీకు రాదు, రూళ్ల కాగితం మీద అసలే రాదు. దీని సంగతి ముఖాముఖి తేల్చుకుంటాను.

ఉత్సవం గురించి విను. మన్మథరావు గారికి అవార్డు వచ్చింది. పారదర్శకతకి కాదు, ఆ మాట ఇప్పుడు ఎవరూ అనడం లేదు. కార్మికుల మత విశ్వాసాలను గౌరవించి మిషనుని స్వచ్ఛందంగా తొలగించినందుకట. ఆయన వేదిక మీద కన్నీళ్లు పెట్టుకున్నారు. మిషను ఇప్పుడు ఆయన ఆఫీసు పూజగదిలో ఉందట. రోజూ హారతి ఇస్తారట. పూలు వేసినప్పుడల్లా "ప్లీజ్ ట్రై ఎగైన్" అంటుందని మత్స్యరాజు చెప్పాడు.

'చురక'ని వచ్చే ఏడు పోషించరట. ప్రభావం కొలవడానికి వీల్లేని మాధ్యమమట. కానీ వార్షిక నివేదిక అట్ట మీద ఏముందో తెలుసా? మన గోడ. నిగనిగలాడే కాగితం మీద, బంగారు అంచుతో, నల్లటి అరచేతులు. కింద పేర్లూ తేదీలూ చెరిపేసి, 'చేయి చేయి కలుపుదాం' అని అచ్చువేశారు. నేను లేచాను. అమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

అప్పుడు అట్ట మీది చేతుల తరఫున అమ్మని వేదికెక్కించారు. పృథ్వీరాజ్ గారు నివేదిక పట్టుకుని వంగి అడిగారు, "అమ్మా, ఇందులో మీ చెయ్యి ఏది?"

అమ్మ అట్ట వంక చూసింది.

"తెల్దు బాబూ. కింద పేరుండేది, మీరు సెరిపేసినారు." తర్వాత కుడిచెయ్యి చాపింది. "నా సెయ్యి ఇది."

ఆయన ఆ చేతిని చూశారు. రెండు వేళ్ల కొనలతో ముట్టుకున్నారు. చప్పట్లు మోగాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, జేబు రుమాలు కోసం వెతుక్కుని, ఆ రెండు వేళ్లూ తుడుచుకున్నారు. అమ్మ అది చూసింది. మైకు ఇంకా ఆవిడ ముందే ఉంది.

"పోదు బాబూ" అంది.

దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇవాళ పొద్దున్న పుస్తకంలో సంతకం పెట్టి పనికి వెళ్లింది. రేపు శుక్రవారం. పైన ఆ పృథ్వీరాజ్ గారి సంగతి ఉన్నదున్నట్టు చార్టు మీదికి ఎక్కిస్తాను. ఒక్క విశేషణం వాడలేదు, చూసుకో. ఇప్పుడు నువ్వు ఫౌండేషన్ లాయరువి కావు కనక నాకు నీ అనుమతి అక్కర్లేదు.

అయినా పంపుతున్నాను.

నీ తమ్ముడు
వీరేంద్ర